మామకు చెప్పాల్సిన మాట

రాజధాని కర్నూల్లో ఉన్న ఆ కొద్దికాలం నేను గుడారంలో ఉద్యోగం చేశాను. కట్టడాలు చాలక సర్కారు డేరాలు వేయించి మమ్మల్ని వాటి కింద కూర్చోబెట్టింది. ఎండాకాలం టైపు కొడుతుంటే చెమట మిషను మీదే కారేది. గాలి లేచిందంటే అందరం కాగితాల మీద రాళ్లు పెట్టుకుని కూర్చునేవాళ్లం. ఎట్లున్నా అది సర్కారు కొలువు. చేరిన కొన్నాళ్లకు నన్ను పర్మనెంటు చేశారు.

ఆ మాటకు అప్పట్లో ఉన్న విలువ ఇప్పటివాళ్లకు చెప్పినా తలకెక్కదు. మైదుకూరు దగ్గర పసుపు పండించే మా మామకు ఇంగ్లీషు రాదు కానీ ఆ ఒక్క మాట మాత్రం తప్పు లేకుండా పలికేవాడు. బండి తోలుకుంటూ ఎవరు ఎదురొచ్చినా పగ్గాలు బిగబట్టి, "మా పెద్దల్లుడు పర్మనెంటు అయినాడప్పా" అని చెప్పిగానీ ముందుకు కదిలేవాడు కాదట. ఇది మా ఆవిడ నాకు మురిసిపోతూ చెప్పిన సంగతి.

రాజధాని హైదరాబాదుకు పోతుందని తేలాక ఆఫీసంతా ట్రంకు పెట్టెలు సర్దుకుంటుంటే నేను రాజీనామా ఇచ్చాను. కారణం గొప్పదేమీ కాదు. ఆఫీసు అయ్యాక వకీళ్లకూ గుత్తేదార్లకూ టైపు కొట్టిపెట్టేవాణ్ణి, నాలుగు డబ్బులు వచ్చేవి. రోజంతా అదే చేస్తే ఎంత వస్తుందో లెక్క కట్టుకున్నాను. దానికి తోడు మా సూపరింటెండెంటు, టైపులో అంచు కాస్త పక్కకు పోయినా కాగితం విసిరికొట్టే మనిషి. ఆయన మొహం ఇక చూడక్కర్లేదన్న సంబరం ఒకటి. పక్క బల్ల మిత్రుడు, "పర్మనెంటు వదులుకునేవాణ్ణి నిన్నే చూస్తాండాప్పా" అంటే, "నా వేళ్లు నా వెంటే వస్తాయిలే" అన్నాను. ఆ గర్వం తలుచుకుంటే నాకే ఒళ్లు మండుతుంది.

కడపలో కోర్టు ముందు వేపచెట్టు కింద ఒక పాత మిషను, బల్ల, స్టూలు వేసుకుని కూర్చున్నాను. కూర్చున్నాకే తెలిసింది, ఆఫీసులో పని నన్ను వెతుక్కుంటూ వచ్చేదని, ఇక్కడ పనిని నేనే పిలవాలని. నా పక్కన అర్జీలు రాసే ఆయన బస్సు దిగిన ప్రతి రైతునూ, "ఏమప్పా, యాడికి? ఈడ రా!" అని కేకేసేవాడు. నాకు గొంతు పెగిలేది కాదు. పైగా ఆఫీసు కోటు వదల్లేక తొడుక్కుని కూర్చునేవాణ్ణి. పల్లెటూరివాళ్లు ఆ కోటు చూసి నాకు దండం పెట్టి, పోయి పక్కాయన దగ్గర కూర్చునేవాళ్లు. చివరికి కోటు తీసేస్తే గానీ నా దగ్గరికి మనిషి రాలేదు.

పని దొరకడం మొదలైంది, కానీ సిగ్గు పోలేదు. కోర్టుకు సెలవులిస్తే నాకూ సెలవే, కూటికీ సెలవే. కర్నూల్లో కలిసి పనిచేసినవాళ్లు ఎవరైనా ఆ దారిన కనపడితే రిబ్బను సరిచేస్తున్నట్టు మిషను వెనక తల దూర్చేవాణ్ణి. అంత ఎండలోనూ చెవులు వేడెక్కడం నాకు తెలిసేది.

మా ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఒకటే కోరింది. "మా నాయనకు మీరే పోయి చెప్పండి. ఇంకొకరి నోటితో ఆయన వింటే నేను ఆ ఇంటి గడప తొక్కలేను" అంది. సరేనన్నాను. పోయాను కూడా. అల్లుడు వచ్చాడని మంచం మీద జంపఖానా పరిచారు, ఓళిగలు చేశారు. కడుపు నిండా తిని, చేయి కడుక్కుని, మామ ముందు కూర్చుని గొంతు సవరించుకుని, "నన్ను కడపకు బదిలీ చేసినారు మామా" అన్నాను. ఆ మాట ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. ఆయన నన్ను కాసేపు చూసి, "మంచిదే కదప్పా, దగ్గరికొచ్చినారు" అని లేచి ఎద్దులకు నీళ్లు పెట్టడానికి పోయాడు.

ఇంటికి రాగానే మా ఆవిడ, "చెప్పినారా?" అంది. ఈసారి చెప్తానన్నాను. తర్వాత పండక్కీ అదే మాట, పంట నూర్పిళ్లకూ అదే మాట. అడిగి అడిగి అడగడం మానేసింది. అడిగినప్పటికంటే అది మానేశాకే నాకు ఇంట్లో తల ఎత్తడం కష్టమైంది.

ఇంతలో ఒక విచిత్రం జరిగింది. మైదుకూరు వైపు రైతులు నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. కాలువ నీళ్ల అర్జీలు, పొలం గట్ల తగాదాలు, ఏదైనా నేరుగా వేపచెట్టు కిందికే. పక్కాయన ఎంత కేకేసినా వాళ్లు తిరిగి చూసేవాళ్లు కాదు. నా పనితనం అంత దూరం పాకిందని నేను పొంగిపోయాను. "చూస్తివా, మీ ఊరి దాకా పోయింది నా పేరు" అని మా ఆవిడ దగ్గర కోతలు కోశాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ తల ఎత్తలేదు.

ఒకరోజు ఆ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషికి అర్జీ కొట్టిపెడుతూ, నా గురించి ఎవరు చెప్పారని అడిగాను. మెప్పు ఇంకాస్త వినాలని ఆశ, అంతే. ఆయన మా మామ పేరు చెప్పాడు.

"ఆయప్పే పంపినాడు. కోర్టు ముందర యాపచెట్టు కింద కండ్లద్దాల మనిషి ఉండాడు, పని శానా బాగా చేస్తాడు, ఆయన తావే కొట్టించుకోండి అని ఊర్లో అందరికీ చెప్తాండాడు."

నా వేళ్లు ఆగిపోయాయి. "నేను ఆయనకు ఏమవుతానో చెప్పినాడా?" అన్నాను.

"అడిగితి. మీ చుట్టమా అని. కాదప్పా, ఊరికే తెలిసిన మనిషి అన్యాడు."

ఆ రాత్రంతా అదే లెక్క వేసుకున్నాను. ఆయనకు ఎప్పటి నుంచో తెలుసు. తెలిసి, నన్ను అల్లుడని చెప్పుకోవడానికి నామోషీ పడి, జాలి తలచి పని పంపిస్తున్నాడు. ఇన్నాళ్లూ నేను తిన్నది నా పనితనం కాదు, ఆయన దయ. సిగ్గు మరీ ఎక్కువైతే కోపంగా మారుతుందేమో, నాకు మాత్రం మారింది. తెల్లారగానే బస్సెక్కాను.

నేను పోయేసరికి వాకిట్లో ఉడకబెట్టి ఎండబెట్టిన పసుపు మూటలకెత్తి ఉంది. కడప నుంచి ఏటేటా సరుకు కొనే సాయిబు మంచం మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ నలుగురైదుగురు ఊరివాళ్లు. సాయిబుకు మూట విప్పి చూసే అలవాటు లేదు. సరుకు ఎట్లుందో మా మామ నోటితో చెప్తే అదే ఖరారు, మూటలు బండికెక్కేవి. నన్ను చూసి మామ గబగబా లేచాడు.

"రాప్పా, రా. సాయిబూ, మా పెద్దల్లుడు. కడపలో గవర్నమెంటు ఆఫీసులో ఉండాడని చెప్తి కదా, ఈయనే."

నేను నిలబడ్డ చోటే నిలబడి, అందరికీ వినపడేటట్టు, "ఆఫీసూ లేదు, ఏమీ లేదు మామా. ఉద్యోగం వదిలేసి శానా నాళ్లాయ. కోర్టు ముందర కూర్చుని టైపు కొడతాండా. ఆ సంగతి నీకూ తెలుసు" అన్నాను.

అనేశాక గుండె తేలికైంది. ఎంత ధైర్యంగా చెప్పానో అనిపించింది కూడా. మా ఆవిడకు ఇచ్చిన మాట తీర్చుకున్నానని లోపల ఎక్కడో సంతోషం. అదంతా ఒక్క క్షణమే. ఊరివాళ్లు ఎవరి కాళ్లు వాళ్లు చూసుకుంటున్నారు. ఎవరూ నన్ను చూడటం లేదు, మామనూ చూడటం లేదు. సాయిబు చేతిలోని మజ్జిగ చెంబు కింద పెట్టి, చాలా మర్యాదగా, చాలా నెమ్మదిగా అన్నాడు.

"పెద్దాయనా, ఏమనుకోవద్దు. ఒక మూట విప్పుతారా, చూస్తాను."

కూలీ ముందుకు రాబోతే మామ వద్దని చేయి చూపించాడు. ఆయనే వంగి, మూట మూతికి కుట్టిన పురికొస విప్పడం మొదలుపెట్టాడు. ముడి గట్టిగా ఉన్నట్టుంది, గోళ్లతో లాగుతున్నాడు. నేను సాయం పడదామని పక్కన కూర్చున్నాను. ఆయన నా వైపు తిరగలేదు. నాకు ఒక్కడికే వినపడేంత చిన్నగా అన్నాడు.

"నీ నోటితో నువ్వు చెప్పేదాకా నాకు తెలీనట్టే ఉండాలనుకుంటి. ఆ మాట నాకు ఒక్కడికి చెప్పింటే చాలు కదప్పా."