పెద్దమ్మ వెనిలా సీసా

ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. పెద్దమ్మ వెనిలా సీసా పేలుతుందని నాకు ముందే తెలుసు. ఆ రోజుల్లో నాకు తెలిసినవన్నీ డైరీలోకి వెళ్లేవి తప్ప నోటిదాకా వచ్చేవి కావు. పెద్దమ్మ ఇంట్లో ఉండి డిగ్రీ చదువుతూ, ఆమెను తీసిపారేస్తూ పేజీలు నింపేదాన్ని (ఎదుట మాత్రం "సరే పెద్దమ్మా" తప్ప మరో ముక్క అన్న పాపాన పోలేదు).

పెద్దమ్మ మా చర్చి స్త్రీల కూటానికి పెద్ద. అనకాపల్లిలో క్రిస్మస్ కేకంటే తనదేనని ఆమె నమ్మకం. కాదనే ధైర్యం ఎవరికుంది? వెనిలా తీగ వేస్తే బంగారం పండుతుందని జనం ఎగబడుతున్న కాలం. గొలుగొండ దగ్గర తన తోటలో ఆ తీగ వేసిన మామయ్య గుప్పెడు ఎండు కాయలు పంపాడు. ఇంకేం, కొట్లో దొరికే ఎసెన్సు ఒక్కపూటలో పెద్దమ్మ కంటికి మురికినీళ్లైపోయింది. ఈసారి కేకులో సొంత వెనిలాయేనని కూటంలో చాటేసింది. పండక్కి ఇంకా మూడు నెలలుంది. ఎసెన్సుకు కాయలు చీల్చి బ్రాందీలో రెండు నెలలు నానబెట్టాలని ఉన్న పేజీని లైబ్రరీ పుస్తకంలో తీసి చూపించాను.

"బ్రాందీయా? తాగుడు మానండని ఊరందరికీ సెప్పే ఇంట్లోనా? అనకాపల్లిలో బెల్లానికి కరువా ఏటే?"

బెల్లం నీళ్లలో కాయలు వేసి, జామ్ సీసాలో పోసి, మూత బిగించి, పొయ్యి పక్కన వెచ్చగా పెట్టింది. సారా కాసేవాళ్లు ఊట వేసేదీ అచ్చం ఇలాగే, బెల్లం నీళ్లు పులియబెట్టి. మా ఊళ్లో పిల్లలకు కూడా తెలిసిన ఆ సంగతి పెద్దమ్మకు తట్టలేదు. నేను చెప్పలేదు. 'పరిశుద్ధుల ఇంట బెల్లం పులియదు కాబోలు' అని రాసుకుని మురిసిపోయాను.

పదో రోజున కూటం ప్రార్థన మా ఇంట్లోనే. పెద్దమ్మ కళ్లు మూసుకుని తాగుబోతుల కోసం వేడుకుంటుండగా వంటింట్లో ఢామ్మని మూత లేచింది. అందరికంటే ముందు వాసనే ఆమెన్ చెప్పింది. గుమ్మంలో గంప దించుతున్న చేపలావిడ ముక్కు ఎగబీల్చి, "ఏటమ్మా, మీరూ ఊట ఎట్టేరా? మా ఆయనైతే ఇంకో రెండ్రోజులు ఆగుతాడు" అంది.

ఎవరూ నవ్వలేదు. పెద్దమ్మ మొహం అలా మాడిపోవడం చూడాలనే పది రోజులు ఆగాను. తీరా చూశాక కలం ముట్టబుద్ధి కాలేదు. లోకాన్నంతా వెక్కిరించిన ఆ ఇరవయ్యేళ్ల పండితురాలు మోకాళ్ల మీద కూచుని గచ్చు కడుగుతూ కాయలు ఏరడం తలుచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది.

అందరూ వెళ్లాక పెద్దమ్మ వచ్చి పక్కన చతికిలబడింది. "కేకు సంగతి అందరికీ సెప్పేసేను కదే" అని గొంతు తగ్గించింది. "బ్రాందీ ఓవెన్లో ఎగిరిపోద్దా?"

"చాలావరకు పోతుందంట పెద్దమ్మా."

"అయితే నువ్వే ఎల్లి తే. నీకెలాగూ నోరు లేదు, ఎవురడిగినా సెప్పవు."