కెర్నల్ గుమ్మంలో మర్యాద

రాహేలుకి కాలు ఒకచోట నిలవదు. ఎనభై ఎనిమిదిలో అమలాపురంలో సత్తిరాజుగారు పెట్టిన కంప్యూటర్ సెంటర్లో మేమిద్దరం పనిచేసేవాళ్ళం. నేను స్కూళ్ళవాళ్ళ మార్కులు టైపు కొట్టేదాన్ని. తను ప్రోగ్రాములు రాసేది, అదీ నిలబడే. తను కూర్చోదు గానీ గుమ్మంలోకి ఎవరొచ్చినా, చివరికి కరెంటు మీటరు చూసేవాడొచ్చినా, "కూర్చోండి, మంచినీళ్ళు తాగి వెళ్దురుగాని" అంటుంది. రాజోలులో వాళ్ళమ్మ నేర్పిన మర్యాద, ఎక్కడికి పోతుంది!

సత్తిరాజుగారు చవగ్గా వస్తోందని ఒక పెద్ద ప్రింటరు కొన్నారు. మా మెషీనుకి దాని మొహం తెలియదు. యూనిక్స్ నడిచే ఆ మెషీను లోపల కెర్నల్ అనే ప్రోగ్రాము ఉంటుంది. ఎవరికేం కావాలన్నా దాని పద్ధతిలో దాన్నే అడగాలి. ప్రింటరు పనిచేయాలంటే రాహేలు ఆ కెర్నల్లోకే వెళ్ళి, ప్రింటరుతో మాట్లాడే 'డ్రైవర్' అనే ముక్క రాసి కలపాలి. బయట రాసిన ప్రోగ్రాములో తప్పుంటే అదొక్కటే ఆగుతుంది. లోపల తప్పుంటే మెషీను మొత్తం పడిపోతుంది.

పడింది కూడా. రోజూ పడింది. ప్రింటరు రెండు వరుసలు కొట్టడం, తెరమీద 'పానిక్' అని రావడం, నేను కొట్టిన మార్కులన్నీ గంగలో కలవడం. నాకు ఒళ్ళు మండిపోయేది. రాహేలు మాన్యువల్ పట్టుకుని వరండాలో ఆ చివరనుంచి ఈ చివరికి తిరిగేది.

"కెర్నల్లో దేన్ని పిలవాలో ఇందులో రాసేడు గానీ, ఎక్కణ్ణించి పిలవకూడదో సరిగ్గా చెప్పడేంటే వీరవేణీ!" అని నాతో మొరపెట్టుకునేది.

స్కూళ్ళకి మార్కుల కార్డులు ఇవ్వాల్సిన గడువు దాటిపోయింది. సత్తిరాజుగారు విసిగిపోయి, మెషీను మద్రాసు తిప్పి పంపేస్తానన్నారు. అది పోతే సెంటరు మూతే. నేను ఎక్కడైనా టైపు కొట్టుకుంటాను. ఈ పని రాహేలుకి కోనసీమలో ఇంకెవరిస్తారు? ఆ దిగులుతో తను అన్నం కూడా తిరుగుతూనే తినేది.

శనివారం లారీ వచ్చేసింది. సత్తిరాజుగారు గుమ్మంలోకి పరుగున వచ్చి, "అమ్మా, మెషీను పెట్టెలో సర్దేయండి" అన్నారు.

"ఆయ్, ముందు కూర్చోండి బాబాయిగారూ, టీ తెప్పిస్తాను" అంది రాహేలు.

"కూర్చోడమేంటమ్మా! లారీ రోడ్డుకి అడ్డంగా ఉంది. నేనిక్కడ కూర్చుంటే వెనకాల బస్సులు, రిక్షాలు అన్నీ ఆగిపోవూ? మాట చెప్పి పోదామని వచ్చేను!"

రాహేలు నా భుజాలు పట్టుకుని ఊపేసింది.

"నేను చేసింది ఇదేనే! ప్రింటరు 'ఖాళీ అయ్యాను' అని చెప్పడానికొస్తే, ఆ కబుర్ని గుమ్మంలోనే కూర్చోబెట్టేను!"

ప్రింటరు కబురు పంపినప్పుడు కెర్నల్ చేస్తున్న పని ఆపి వింటుందట. రాహేలు సరిగ్గా అక్కడే 'స్లీప్' అని, అంటే నిద్రపొమ్మని పిలిచి ఆగమంది. అక్కడ ఆగితే ఆపిన పని అలాగే ఉండిపోయి మెషీను కూలుతుంది. కబురు అందుకుని, దానికోసం లోపల నిద్రపోతూ ఎదురుచూస్తున్న ప్రోగ్రామును లేపి, ఆ కబుర్ని వెంటనే పంపించేయాలి.

"బాబాయిగారూ, లారీని బస్టాండు దగ్గర పెట్టించండి. ఒక్క గంట!"

ఆయన నావైపు చూశారు. అన్నిసార్లు నా మార్కులు పోగొట్టిన మనిషి కోసం నేనే తలూపాను.

ఆ తప్పు దిద్దాక, కెర్నల్ మళ్ళీ తయారవుతున్నంతసేపూ రాహేలు వరండాలో తిరిగింది. భయం వేసి నేనూ తిరిగాను. మెషీను లేచింది. ప్రింటరు రెండు వరుసలు కొట్టింది. మూడోది కూడా కొట్టింది. ఇక ఆగలేదు.

అప్పుడే లారీ డ్రైవరు గుమ్మంలోకి వచ్చి, "ఎక్కించేద్దామాండీ?" అన్నాడు.

"అక్కర్లేదండీ, వెళ్ళిపోండి" అంది రాహేలు.

కూర్చోమనలేదు. ప్రింటరు పక్కన నేలమీద తనే కూలబడి, మొదటి కార్డు ఒళ్ళో పెట్టుకుని ఏడ్చేసింది. ఆ సెంటర్లో రాహేలు కూర్చోగా నేను చూడడం అదే మొదలు.