సుగుణ అడిగిన ఒక్క ఆట

నిన్న సాయంత్రం మా అబ్బాయి కిటికీ తెర లాగేశాడు. ఫోను మీద ఎండ పడుతోందట. కింద పిల్లలు క్రికెట్‌కు రమ్మని గొంతు చించుకుంటున్నా పలకడు. పిల్లలకు ఫోన్ అలవాటు చేస్తున్నారని స్కూలుకు వెళ్ళి టీచర్లతోనే వాదించి వచ్చిన మనిషిని నేను. తిట్టబోయి, మూసిన ఆ తెర చూసి ఆగిపోయాను.

నా చిన్నప్పుడు లాలాగూడ రైల్వే క్వార్టర్లలో మా వరసకంతా మొదటి టీవీ మాదే. అది వచ్చాక మా కిటికీ నిండా పిల్లల తలలే. ఎవరు తొంగి చూసినా టీవీ కోసమేనని నా లెక్క. ఓ ఆదివారం సినిమా మొదలవగానే పక్క క్వార్టర్ సుగుణ వచ్చింది. రోజూ నాతో తొక్కుడుబిళ్ళ ఆడే పిల్ల.

"జెర బయటికి రావే, ఒక్క ఆట ఆడుదాం."

"ఆట పేరు చెప్పి టీవీ చూస్తానికొచ్చినవా? పో!"

కిటికీ రెక్కలు మూసేశాను. కాసేపు తట్టింది. నేను సౌండు పెంచాను.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి వాళ్ళ క్వార్టర్‌కు తాళం ఉంది.

"వాళ్ళ నాయినకు బదిలీ అయింది గదనే, పొద్దుగాల రైలెక్కిన్రు," అంది అమ్మ. "నీతోని ఆఖరుసారి ఆడుకుంటనని నిన్న వచ్చింది. ఆడలేదా?"

ఆ సినిమా ఏదో ఎంత ఆలోచించినా గుర్తు రాదు. ఆ రోజు నన్ను పిలిచే ముందే మా పెరట్లో సుగుణ గీసి ఉంచిన గళ్ళు మాత్రం వాన పడేదాకా అలాగే ఉన్నాయి. వాటిలో నేను కాలు పెట్టలేదు.