ఏడో ఎముక

మా ఆయన గుంటూరులో మిరపకాయల టిక్కీలు మోసేవాడు. టిక్కీ అంటే కాయల్ని కాళ్లతో తొక్కి నింపిన గోనెసంచి. ఇద్దరు దాన్ని ఎత్తి మెడ వెనక పెడుతుంటే, మోసేవాడు ఊపిరి బిగబట్టి, భుజాలు చెవులదాకా ఎగదీసి అందుకోవాలి. పన్నెండేళ్లు అదే పని చేశాడు.

పన్నెండో ఏడు వేసవిలో ఒకరోజు లారీకి ఆనించిన చెక్క మీద ఆయన కాలు జారింది. టిక్కీ మెడ మీదుగా ముందుకు దొర్లింది. ఏమీ కాలేదన్నాడు. ఆ సాయంత్రం అన్నం తింటుంటే ముద్ద చేతిలోంచి జారిపోయింది. మళ్లీ కలిపాడు. మళ్లీ జారింది. నేను చూడనట్టు మజ్జిగ కోసం లేచాను.

మర్నాడు మా నల్లపాడులో రైలెక్కించి గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లాను. దారిపొడుగునా ఆయన మెడ వెనక నా అరచెయ్యి ఆనించి ఉంచాను.

“జనం చూస్తన్నారే,” అన్నాడు.

“చూస్తే చూడనీ. ఊడిపడితే వాళ్లొచ్చి తగిలిస్తారా?”

డాక్టరు గారు మెడ తడిమి చూశారు. “మెడలో ఎముకలు ఏడుంటాయమ్మా. అడుగున ఉన్నది చిట్లిందేమోనని నా అనుమానం. చిట్లితే మద్రాసు పంపాలి. అది గనక కదిలితే చెయ్యే కాదు, కాళ్లు కూడా పడిపోతాయి. ఎక్స్‌రేలో చూడందే ఏమీ చెప్పలేను,” అన్నారు.

ఎక్స్‌రే తీసేది కళ్లద్దాల పెద్దాయన. మా ఆయన్ని పక్కకు తిప్పి కూర్చోబెట్టి, రెండు చేతులకూ రెండు ఇసుక సంచులిచ్చాడు. ఆ బరువుకు భుజాలు కిందికి దిగి మెడ బాగా కనిపిస్తుందట. “ఊపిరి బిగబట్టు!” అని మీట నొక్కాడు.

ఫిలిం కడిగి చూస్తే ఐదు ఎముకలే కనిపించాయి. మిగతా రెండూ భుజాల చాటున పడ్డాయి. రెండోసారీ అంతే.

“ఇవి భుజాలా, ఎద్దు మూపురమా?” అని విసుక్కుంటూనే పెద్దాయన గట్టిగా తుమ్మాడు. “ముందు ఆ పంచెలో కారం దులుపుకు రావయ్యా!”

“దులిపితే పోయేది కాదండీ, ఒంటికి పట్టింది,” అన్నాడు మా ఆయన.

“ఇంకొక్క ఫిలిమే ఉంది. ఇదీ పోతే రేపు రావాల్సిందే.”

ఆ మెడతో మళ్లీ ఇంటికి వెళ్లడం, మళ్లీ రైలెక్కడం. ఏ కుదుపుకు ఏమవుతుందో.

పెద్దాయన మళ్లీ సంచులు అందిస్తుంటే గుమ్మంలోంచి చూశాను. చేతికి బరువు తగిలిందో లేదో, మా ఆయన భుజాలు వాటంతటవే పైకి లేచాయి. మధ్యాహ్నం అన్నం క్యారేజీ తీసుకెళ్లినప్పుడు రోజూ చూసేదే అది.

“అయ్యా, బిగబట్టమనకండి. ఆ మాట వింటే ఈయన టిక్కీ ఎత్తుకుంటాడు.”

“మరేమనాలి?”

“దించేటప్పుడు ఊపిరి వదుల్తాడండి. అప్పుడు దిగుతాయి భుజాలు.”

పెద్దాయన కళ్లద్దాల పైనుంచి నన్ను చూశాడు. “అయితే నువ్వే చెప్పి తలుపు అవతలికి పో.”

మా ఆయన ముందుకెళ్లి నిలబడ్డాను. “మావా, లారీ నిండింది. ఇదే ఆఖరు టిక్కీ. దించెయ్.”

హుస్సని ఊపిరి వదిలాడు. భుజాలు అలా దిగుతూనే పోయాయి. ఆయన మెడ అంత పొడుగని ఆ రోజు దాకా నాకు తెలియదు. తలుపు వేసుకుని బయట నిలబడితే మీట పడ్డ చప్పుడు వినిపించింది.

డాక్టరు గారు తడి ఫిలిమును కిటికీ వెలుతురుకు పట్టుకుని పెన్సిలు మొనతో లెక్కపెట్టారు. అక్షరాలు నాకు చాలా ఏళ్ల తర్వాత వచ్చాయి గాని, లెక్క అప్పటికే వచ్చు. ఆయనతోపాటు లోలోపల లెక్కపెట్టాను. ఆరు. ఏడు.

“చిట్లలేదు,” అన్నారు. “నరం నలిగింది. పట్టీ కట్టుకుని కదలకుండా ఉంటే చెయ్యి స్వాధీనంలోకి వస్తుంది. కానీ ఈ మెడ మీద ఇక బరువు పెట్టకూడదు.”

తిరుగు రైల్లో ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టాను. “మరి నేనేం మొయ్యాలే ఇక?” అన్నాడు.

“నీ తల మొయ్యి. అదే చాలు నాకు.”

పట్టీ కట్టి ఉన్నా నా చెయ్యి ఆయన మెడ వెనకే ఉంది. పన్నెండేళ్ల బరువుకు కాయకట్టిన చోటు పట్టీ అంచున వేళ్లకు గరుగ్గా తగులుతోంది. ఈసారి జనం చూస్తున్నారని అనలేదు.