పాపయ్య కడవ

రెడ్డెమ్మకు నీళ్లు పారబోయడం చేతకాదు. పెద్దమండ్యం పక్కన మెట్టపల్లెలో పుట్టి పెరిగిన మనిషికి ఆ విద్య ఎవరు నేర్పుతారు? బియ్యం కడిగిన నీళ్లు కుడితిలోకి, పిల్లల ముఖాలు కడిగిన నీళ్లు బీరపాదుకు. చుట్టమొచ్చి కాళ్లు కడుక్కోవాలంటే చెంబు చేతికిచ్చి, తీసుకుపోయి కరివేపాకు చెట్టు మొదట్లో నిలబెట్టేది. చుట్టాలు నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ, ఊళ్లో ఎండాకాలం కూడా పచ్చగా ఉండే కరివేపాకు చెట్టు ఆమెదొక్కటే. ఆ గుణమే ఆమెకు మదనపల్లెలో తోటపని ఇప్పించింది. ఆ గుణమే ఆమె చేత చేయరాని పని కూడా చేయించింది.

రెండువేల రెండులో వాన ముఖం చాటేసింది. టమోటా తోట కాయ పట్టకముందే ఎండిపోయింది. బోరు మీద బోరు వేయించినా దుమ్ము తప్ప ఏమీ పడలేదు. ఆమె మొగుడు వెంకటేశులు ఉన్న ఆవును పుంగనూరు సంతలో అమ్మేసి, కుప్పం దగ్గర గ్రానైట్ క్వారీలో పనికి పోయాడు. రెడ్డెమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని మదనపల్లె చేరింది. మండీలో టమోటాలు ఏరుతుండగా ఎవరో చెప్పారు, చెట్ల కాలేజీలో ముసలి తోటమాలి పని నేర్చుకునే మనిషి కోసం చూస్తున్నాడని.

చెట్ల కాలేజీ అనేది ఊరివాళ్లు పెట్టుకున్న పేరు. అసలు పేరు గేటు మీద రాతిపలకలో ఉంది, కానీ దాన్ని చదివే తీరిక ఎవరికీ లేదు. దొరల కాలంలో కట్టిన రాతి భవనాలు, ఎర్రపెంకుల కప్పులు, వాటిని మించి లేచిన నిద్రగన్నేరు చెట్లు. మే నెల మిట్టమధ్యాహ్నం కూడా ఆఫీసు గదిలో లైటు వేసుకోవాల్సిందే. బయట ఊరంతా ఎండకు వేగిపోతుంటే, గేటు దాటగానే వీపు మీద ఎవరో తడిగుడ్డ కప్పినట్టుంటుంది. ఆ చల్లదనం మొదట హాయిగానే ఉంటుంది. కాసేపయ్యాక, ఇంత చల్లదనం ఎక్కణ్ణించి వచ్చిందా అని మనసులో ఏదో గుబులు మొదలవుతుంది.

ఆ తోటకు పెద్ద శాలేము రాజు. మిషన్ కాంపౌండులో పుట్టిన మనిషి, డెబ్బై దాటాయి. ఆదివారం తెల్లచొక్కా, మిగతా రోజులు ఖాకీ నిక్కరు. పని కోసం వచ్చిన ప్రతి ఒక్కరికీ చెంబు ఇచ్చి చేతులు కడుక్కోమన్నాడు. ఒకరు మెట్ల మీద కడుక్కున్నారు, ఒకరు దారిలో కడుక్కున్నారు. రెడ్డెమ్మ పోయి క్రోటన్ మొక్క కుండీలో పడేట్టు కడుక్కుంది. ఆయన ఆఫీసు గుమాస్తా వరదరాజులు వైపు తిరిగి, "ఈయమ్మ సాలప్పా" అన్నాడు. ఇంటర్వ్యూ అంటే అదే.

మొదట్లో ఆమెను పార ముట్టనివ్వలేదు. చెప్పులు విప్పి తోటంతా తిరగమన్నాడు.

"నేల యాడ మెత్తగుండాది, యాడ సల్లగుండాది, ముందు అరికాలికి తెలియల్ల. ఆ పైన సేతులకు పని సెప్తాను."

తోటపని నేర్పమంటే తిరణాలలో తిరిగినట్టు తిప్పుతున్నాడే అని లోపల సణుక్కుంటూనే తిరిగింది. లైబ్రరీ వెనక, అన్నిటికంటే పెద్ద నిద్రగన్నేరు కింద, ఒక మంచం పట్టేంత చోటులో గడ్డిపరక కూడా లేదు. అక్కడ కాలు పెట్టగానే చుర్రుమంది. గబుక్కున వెనక్కి తీసి, వంగి చెయ్యి ఆనించి చూసింది. నేల కాలిన పెనంలా ఉంది. ఎండేమైనా పడుతోందా అని తల ఎత్తింది. ఆకుల సందున ఆకాశం కూడా కనపడలేదు. అడుగు పక్కకు వేస్తే మళ్లీ చల్లని నేల.

పోయి చెప్పింది. శాలేము రాజు ఆమె పాదాల వైపు చూశాడు.

"కాలిందా? అయితే నువ్వు నిలుస్తావులే."

ఆ మధ్యాహ్నమే ఆమె కంట ఇంకో వింత పడింది. ఆయన షెడ్డులోంచి సొట్టలు పడ్డ ఇత్తడి కడవ తీశాడు. బావిలో నీళ్లు చేది, భుజాన పెట్టుకుని ఆ మొండి చోటికి మోసుకొచ్చి, మొత్తం అక్కడ పోసేశాడు. మొక్క లేదు, పాదు లేదు. నేల గుటకలేసినట్టు చప్పుడు చేసి ఆ నీళ్లను తాగేసింది. రెడ్డెమ్మ ఉండబట్టలేక అడిగేసింది.

"యాల నాయినా ఇట్ల పారబోస్తాండావు? ఆడ ఏముండాదని?"

"పాపయ్య ఉండాడు," అన్నాడు ఆయన, వరండాలో గుమాస్తా ఉన్నాడు అన్నంత మామూలుగా.

తర్వాత మాను మొదట్లో కూర్చుని సంగతంతా చెప్పాడు. పాపయ్య ఈ తోట వేసిన మొదటి మాలి. ఈ చెట్లన్నీ మోకాలెత్తు ఉన్నప్పుడు పెద్ద కరువొచ్చింది. బావిలో అడుగున మిగిలిన నీళ్లు మొక్కలకు తప్ప ఇంకెవరికీ లేవని దొర హుకుం. పాపయ్య ఆ హుకుం తు.చ. తప్పకుండా పాటించాడు. ఒకనాటి మిట్టమధ్యాహ్నం ఆఖరి మొక్కకు ఆఖరి కడవ పోసి, అక్కడే కూలిపోయాడు. జనం పరుగెత్తుకొచ్చేసరికి పెదవులు ఆడుతున్నాయట, గొంతులో పోయడానికి మాత్రం గుక్కెడు నీళ్లు లేవు.

"ఈ సెట్లన్నీ ఆయప్ప తాగాల్సిన నీళ్లు తాగి పెరిగినాయమ్మా. ఆ యెనకొచ్చిన మాలి మా నాయినకు సెప్పె, మా నాయిన నాకు సెప్పె."

"దెయ్యానికి పోస్తాండావా అయితే?"

"దెయ్యాల్ని నేను నమ్మను. దప్పికైనోనికి నీళ్లియ్యమని మా పాస్టరయ్య సెప్తాడు. సచ్చినోనికి ఇయ్యొద్దని యాడా సెప్పలా."

ఆ ఏడాది ఆయన దగ్గర ఆమె చాలా నేర్చుకుంది. కొమ్మను కణుపు కింద ఏటవాలుగా కోయడం నేర్చుకుంది. పెద్ద చెట్టుకు నీళ్లు మొదట్లో కాకుండా కొమ్మల అంచు ఎంతవరకు పోయిందో అక్కడ పోయాలని నేర్చుకుంది. సంపంగి విత్తనం మొలిపించి లైబ్రరీ ముందు నాటింది. అది ఆమె చేతి మీద పెరిగిన మొదటి మొక్క. పొద్దున రాగానే దాని ముఖం చూడందే చీపురు పట్టేది కాదు. శాలేము రాజు నవ్వి, "ఇంట్లో పిల్లోళ్లని గూడా ఇంతగా సూసుకుంటావా మ్మా?" అనేవాడు.

మరుసటి వేసవికి ఆయన మంచాన పడ్డాడు. కూతురు గ్లోరీ మిషన్ ఆసుపత్రికి తీసుకుపోతూ రిక్షా గేటు దగ్గర ఆపింది. ఆయన దిగలేదు. రెడ్డెమ్మను దగ్గరికి పిలిచి చెయ్యి చాపాడు.

"సేతిలో సెయ్యేసి సెప్పు. నేనొచ్చేదాకా పోస్తావా?"

"పోస్తాను నాయినా," అని చెయ్యేసింది.

కొన్నాళ్లు మాట ప్రకారమే పోసింది. అప్పటికి బావి అడుగంటుతోంది, కాలేజీకి ట్యాంకరు వస్తోంది. ఒక మధ్యాహ్నం కడవ భుజాన పెట్టుకుని పోతుంటే సంపంగి మొక్క తల వేలాడేసి కనపడింది. రెడ్డెమ్మ ఆగిపోయింది. కళ్ల ముందు మొక్క చస్తుంటే, ఎప్పుడో చచ్చిన మనిషికి నీళ్లా? ఊళ్లో తన టమోటా తోట ఎండిన తీరు గుర్తొచ్చింది. కడవ దించి నీళ్లన్నీ సంపంగి పాదులో పోసేసింది. ఆ రోజు మొదలు పాపయ్య కడవ సంపంగిదైంది. కంచే చేను మేయడం అంటే ఇదే, కానీ మేసే కంచెకు ఆ సంగతి తెలియదు కదా.

మర్నాడు పొద్దున షెడ్డు తాళం తీస్తే కడవ లేదు. వెతుక్కుంటూ పోతే లైబ్రరీ వెనక, ఆ మొండి చోటులో పక్కకు ఒరిగి పడి ఉంది, మూతి నేలకు ఆనించి. తనే మరిచి వచ్చానేమో అనుకుంది. ఆ సాయంత్రం గుర్తుగా బోర్లించి, పైన రాయి పెట్టి, తాళం వేసింది. పొద్దునకు రాయి రాయిలాగే ఉంది, తాళం తాళంలాగే ఉంది. కడవ మళ్లీ అక్కడే ఉంది.

ఎవరికి చెప్పుకుంటుంది? వరదరాజులుకు చెబితే పని మానేయమంటాడు. నోరు మూసుకుని, భయం దిగమింగుకుని, నీళ్లు మాత్రం సంపంగికే పోసింది. ఇంత జరిగినా చెయ్యి అటు తిరగలేదంటే ఆమె పొదుపు ఎంత మొండిదో చూడండి. ఆ సంపంగి అయినా బాగుపడిందా అంటే అదీ లేదు. పాదులో బురద నిలిచి ఉండగానే ఆకులు మంటకు పట్టినట్టు మాడిపోయాయి.

ఆ వారంలోనే ఒక మిట్టమధ్యాహ్నం నిద్రగన్నేరు ఆకులు ముడుచుకున్నాయి. అవి ముడుచుకునేది పొద్దుగూకాక. ఆనాడు మబ్బు లేదు, గాలి లేదు, ఒక్కో కొమ్మా చేతులు జోడించినట్టు ఆకులన్నీ దగ్గరికి మూసుకుంది. వందేళ్ల నీడ ఒక్కసారిగా పోయి, ఎండ తోటంతటా పడింది. పిట్ట అరవలేదు. పిల్లలు క్లాసుల్లోంచి తొంగి చూసి, వింతగా ఉందే అనుకుని మళ్లీ పాఠంలో పడ్డారు. దీని సంగతి శాలేము రాజునే అడగాలని రెడ్డెమ్మ చేతిలో పని వదిలేసింది. చెప్పులు కూడా వేసుకోకుండా ఆసుపత్రి దారి పట్టింది.

శాలేము రాజు మంచంలో సగమయ్యాడు. గ్లోరీ గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడి ఉంది.

"వారం నుంచీ ఇదే వరసక్కా. తాగతానే ఉండాడు, నాలుక సూస్తే పిండి మాదిరి పొడిగా ఉండాది. సెలైను ఎక్కిస్తాండారు, షుగరు జబ్బు లేదంటాండారు. దప్పిక మాత్రం తీరడం లే."

ఆయన కళ్లు తెరిచి రెడ్డెమ్మను గుర్తుపట్టాడు. గొంతు ఎండు తాటాకులా ఉంది.

"పోస్తాండావా మ్మా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. గ్లోరీ ముఖం చూసి వెనక్కి పోయింది.

"పోస్తాండా నాయినా."

ఆయన ఆమె వంక చూశాడు. కోపం లేదు, అనుమానం లేదు.

"అయితే ఇది నా దప్పికే అయ్యుంటాదిలే," అని కళ్లు మూసుకున్నాడు.

ఆ మాటకంటే చెంపమీద కొట్టినా బాగుండేది. తండ్రిలాంటి మనిషి నోరెండి చస్తున్నాడు, అది తన చేతి పనే, పైగా తన మాట నమ్మి, ఆ దప్పిక పాపయ్యది కాదు నాదే అనుకుంటున్నాడు. రెడ్డెమ్మ బజారు వెంట ఏడుస్తూ పరుగెత్తింది. ఎవరు చూసినా సిగ్గుపడలేదు.

ఆకులు ఇంకా ముడుచుకునే ఉన్నాయి. కడవ నింపి తెచ్చి ఆ చోట కుమ్మరించింది. నీళ్లు ఇంకలేదు. నీరు పల్లమెరుగు అంటారు, ఆ నీళ్లకు పల్లం కూడా తెలియలేదు. తామరాకు మీద నిలిచినట్టు మంచమంత మేర నిలిచి, కదలకుండా మెరుస్తూ ఉండిపోయాయి. వేలు పెట్టి చూస్తే కింద మట్టి పొడిపొడిగా వేలికి అంటింది. అంత నీళ్ల కింద ఉండీ తడవలేదు. నాకేం వద్దు పో అని ముఖం తిప్పుకున్నట్టుంది ఆ నేల.

రెడ్డెమ్మ అక్కడే కూలబడింది. భయంతో బుర్ర పనిచేయని ఆ ఘడియలో ఆమె చేతులకు మాత్రం ఒకటి గుర్తొచ్చింది. బాగా ఎండి బిగిసిన మడికి ఒక్కసారి నీళ్లు వదిలితే తాగదు, తడి చేత్తో చిలకరిస్తూ మచ్చిక చేసుకోవాలి. ఊళ్లో మామ, వెంకటేశులు నాయన, పోయేముందు ఆయన నోట్లో నీళ్లు పోసిందీ అట్లాగే, వేళ్ల కొసల నుంచి చుక్క చుక్కగా. కొంగు ముంచి పక్కకు పిండుతూ, ఒక మూల మట్టి బయటపడేదాకా నీళ్లు తీసేసింది. వేళ్లతో మట్టి పైపెచ్చు గీరింది. పిడికిట్లో నీళ్లు పట్టి, వేళ్ల సందుల్లోంచి ఒక్కో చుక్కా వదిలింది.

"తాగప్పా. నీ నీళ్లు నేనే ఎత్తుకుంటి. తప్పు నాది, ముసిలాయనది గాదు. ఆయప్పను ఇడిసిపెట్టు."

ఎంతసేపు అట్లా కూర్చుందో ఆమెకు తెలియదు. మట్టి మీద చిన్న తడి మరక లేచింది. అది రూపాయంత అయింది, పళ్లెమంత అయింది. అప్పుడు నేల లోపల్నించి, ఆమె అరచేతి కిందే, ఒక గుటక వినపడింది. నిలిచిన నీళ్లన్నీ ఒక్కసారిగా లోపలికి పోయాయి. తలమీద ఎండ తగ్గినట్టనిపించి పైకి చూస్తే ఆకులు ఒకటొకటిగా విచ్చుకుంటున్నాయి.

మర్నాడు పొద్దున్నే గ్లోరీ కాలేజీకి వచ్చింది. ముఖం చూడగానే రెడ్డెమ్మకు తెలిసిపోయింది.

"నిన్న పొద్దు వాలేటప్పుడు గ్లాసు పక్కకు తోసి 'ఇంక సాలు' అన్న్యాడక్కా. మళ్లా నీళ్లు అడగలా. తెల్లారుజామున నిద్దట్లోనే పోయినాడు. నోరు తడిగా ఉండె."

రెడ్డెమ్మ గ్లోరీని పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపులో సగం దుఃఖమైతే సగం, ఆయన నోరెండి పోలేదన్న ఊరట. అబద్ధం చెప్పానన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పుకోలేకపోయింది.

ఆయన్ను మిషన్ వాళ్ల శ్మశానంలో పెట్టి వచ్చిన మధ్యాహ్నం, కడవ మోసుకుపోయి పోసింది. నేల గటగటా తాగేసింది. తడి మరక మాత్రం ఒక పక్కకే పట్టింది. రెండో సగం పొడిగా, బూడిద రంగులో అట్లాగే ఉంది. చెప్పుల్లేని కాలు దాని మీద ఆనించింది. చుర్రుమంది. మళ్లీ బావి దగ్గరికి పోయి ఇంకో కడవ తెచ్చింది. రెండోదానికి నేలంతా తడిసింది.

అప్పట్నుంచి రోజూ రెండు కడవలు. రెడ్డెమ్మే ఇప్పుడు ఆ తోటకు పెద్ద. క్వారీ మాని వచ్చిన వెంకటేశులు వాచ్‌మన్‌గా అదే గేటు దగ్గర కూర్చుంటాడు. మొన్నామధ్య కురబలకోట నుంచి రేఖ అనే ఆమె పని నేర్చుకుంటానని వచ్చింది. క్రోటన్ కుండీలోనే చేతులు కడుక్కుంది. కాలూ కాల్చుకుంది. మధ్యాహ్నం రెండో కడవ కూడా ఆ మొండి నేల మీద పోస్తుంటే చూడలేక అడగనే అడిగింది.

"యాలక్కా రెండు కడవలు పారబోస్తాండావు?"

రెడ్డెమ్మ పాపయ్య, శాలేము రాజు ఇద్దరి సంగతీ చెప్పింది. ఈసారి తన అబద్ధంతో సహా చెప్పింది. ఆ తర్వాత తడి చెయ్యి రేఖ వైపు చాపింది.

"నా యెనక నువ్వు మూడు మోయాల్సొస్తాది. మోస్తానని సేతిలో సెయ్యేస్తే, రేపట్నుంచి పార పట్టిస్తాను."

రేఖ ఆ చేతి వంకా, ఆరిపోతున్న నేల వంకా చాలాసేపు చూసింది. పైన ఆకులు కదలడం లేదు. ఆఖరికి చెయ్యేసింది. రెడ్డెమ్మ ఆ చేతిని వెంటనే వదిలిపెట్టలేదు.