సరిగ్గా నాలుగింతలు

ఆఫీసులో ఆవిణ్ని అందరూ లెక్కలక్క అనేవారు. ఎదురుగా మర్యాదకి, వెనకాల వెటకారానికి, పేరు మాత్రం అదే. యాభై ఏడేళ్లు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే "తీరిక దొరకలేదమ్మా" అని నవ్వేసేది. అడిగి అడిగి నోళ్లు నొప్పెట్టాయిగాని, ఇంకో ముక్క రాబట్టినవాళ్లు లేరు.

నిలబెట్టబోయే ఇనుప స్తంభం ఎంత బరువుకి వంగిపోతుందో కంప్యూటర్ చెప్తుంది. అది చెప్పింది నిజమో కాదో పెన్సిలుతో వేసి చూడటం ఆవిడ పని. లెక్క కాగితం అడుగున రెండు గళ్లు: వేసినవారు, సరిచూసినవారు. ఇరవై ఏళ్లపాటు రెండో గడి పక్క బల్ల పెద్దాయనది. ఆయన అంకెలు పైకి చదివేవాడు, ఈవిడ టిక్కు పెట్టేది. ఆయన పోయి రెండేళ్లు. ఆ గడి ఖాళీ. ఆయన కుర్చీలో ఇప్పుడు పాత ఫైళ్లు కూర్చున్నాయి.

ఆవేళ ఒక బడి వరండా స్తంభాలు వచ్చాయి. కంప్యూటర్ చెప్పిన బరువులో ఈవిడకి పావు వంతే తేలింది. మళ్లీ వేసింది. మళ్లీ పావే.

"కళ్లద్దాలు తుడుచుకుని చూడండక్కా," అంది స్తంభాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించిన అమ్మాయి.

"తుడిచానే తల్లీ, రెండుసార్లు."

మేనేజరు వచ్చాడు. "సాయంత్రానికి డ్రాయింగులు వెళ్లిపోవాలండీ, సంతకం పెట్టేయండి. వచ్చే నెల నుంచి ఈ చేతిలెక్కలు ఎత్తేద్దామనుకుంటున్నాం కూడాను."

చేతిలెక్క ఎత్తేస్తే ఆవిడకి మిగిలేదేముంది? పైగా తప్పు నిజంగా తనదేనేమో! ఖాళీ కుర్చీవైపు చూసి, అంకెలు తనే పైకి చదువుకుంటూ తనే టిక్కులు పెట్టుకుంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అయినా చదివింది. చివర్లో పెన్సిలు ఆగింది. చెయ్యి జారితే తేడా మూడున్నరో అయిదుంపావో వస్తుందిగాని, ఇంత ముచ్చటగా నాలుగింతలు వస్తుందా?

ప్లాస్టిక్ స్కేలు బల్లమీద నిలబెట్టి అరచేత్తో నొక్కింది. విల్లులా వంగింది. అమ్మాయికి ఇచ్చింది.

"రెండు కొసలూ పిడికిళ్లలో బిగించి నొక్కు చూద్దాం."

నొక్కింది. ఒక పట్టాన వంగలేదు.

"నువ్వు కంప్యూటర్‌కి చెప్పింది ఇదీ. డ్రాయింగులో ఉన్నది అదీ. పైనా కిందా రెండేసి బోల్టులు, అవీ ఒకే వరస. కొసలు కదలకుండా బిగిస్తేనే స్తంభం సరిగ్గా నాలుగింతలు మోస్తుంది. ఇక్కడ బిగిసి ఎక్కడున్నాయే?"

అమ్మాయి మొహం పాలిపోయింది. "వరండాలో పిల్లలుంటారు కదక్కా!"

"అందుకేగా అద్దాలు తుడుచుకుంది."

మేనేజరు డ్రాయింగులు ఆపేశాడు. చేతిలెక్క ఉండనిద్దామన్నాడు. అందరూ అమ్మాయి కంప్యూటర్ చుట్టూ మూగారు. ఈవిడ మొదటి గడిలో సంతకం పెట్టి, సంబరంగా పక్కకి తిరిగి "చూశారా, సరిగ్గా..." అనబోయింది. ఫైళ్లు కనబడ్డాయి.

మిగతా మాట ఇంటికెళ్లి తాళం తీశాకే పైకి అంది. ఊఁ కొట్టేవాళ్లు లేక, కాసేపు చెప్పులతోనే గుమ్మంలో నిలబడిపోయింది.