మేస్త్రి పెట్టిన పెచ్చులు

మార్కాపురంలో పలకల మేస్త్రి బుధవారం పొద్దున పోయాడు. నాకు గురువారం మధ్యాహ్నం తెలిసింది. సమాధి కూడా అయిపోయాక ఆయన కూతురు ఫోన్ చేసింది. "మీ నంబరు నాయన పాత ఫోన్లో ఉండె సార్. దాని చార్జరు ఇప్పుడు దొరికింది" అంది. నేనుండే గిద్దలూరు నుంచి రెండు గంటల దారి. ఆఖరి చూపు దక్కలేదు.

నా విమర్శలు చదివి నన్ను తిట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు ఈ మనిషి సంగతి చెప్పాలి. నేను కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ని. మేస్త్రి పదో తరగతితో ఆగి, రాయి కోసే యంత్రం దగ్గర చేరినవాడు. ఇద్దరికీ ఒకటే పిచ్చి: అంతరిక్షం మీద రాసిన నవలలు, అవీ సైన్సుకు నిలబడేవి.

మార్కాపురం సాహిత్య సభలో ఒకసారి అలాంటి నవల గురించి మాట్లాడాను. "పిల్లల కథలు మనకెందుకు సార్" అని అధ్యక్షుడు నవ్వాడు. వెనక వరసలో, చొక్కా నిండా రాతి దుమ్ముతో ఒకాయన లేచాడు. "ఓడ గిర్రున తిరగతా ఉంటే మనిషి నేలకు అంటుకొని ఉంటాడు గదా సారూ. ఎంత జోరుగా తిరగాల్నో రాసినారా?" రాశారు. ఆ పేరా నేనే దాటేశాను.

అప్పటి నుంచి నెలకో ఆదివారం, ఆయన చర్చి నుంచి వచ్చాక, వాళ్లింటి పక్కనున్న పలకల షెడ్డు అరుగు మీద కూర్చునేవాళ్లం. నేను ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పేవాణ్ని. ఆయన ఒళ్లో పలక, చేతిలో బలపం. తప్పు దొరికిన చోట, పలకలు కోయగా రాలిన పెచ్చొకటి పేజీల మధ్య పెట్టేవాడు. పెచ్చు పడితే ఆ పుస్తకం అక్కడితో సరి.

"ఆగండి సారూ. ఏడుగురు మనుషులు, మూడేండ్ల ప్రయాణం. నీళ్లు యాడియి?"

"ఆ సంగతి రాయలేదు మేస్త్రీ."

"మా వీధికి ట్యాంకరు రాకపోతే నాలుగోనాటికి బిందెలతో కొట్టుకుంటారు. వీళ్లు మూడేండ్లు ప్రేమించుకుంటా కూసున్నారా?"

పెచ్చు పడింది. వెంటనే, "తర్వాత ఏంది సారూ?"

ఆ ప్రశ్నకు జవాబుగా ఇంకో పుస్తకం కోసం నెలంతా వెతికేవాణ్ని. ఫోనులో జాబితాలు చూస్తే, గ్రహాల కక్ష్యల గురించి అడిగినవాడికి డ్రాగన్ల కథలు చూపిస్తాయి. హైదరాబాదులో పేరున్న సమీక్షకుణ్ని అడిగితే సినిమాల పేర్లు పంపాడు. పదింట్లో రెండు పుస్తకాలు చివరిదాకా నిలిచేవి. వాటిని మూశాక ఆయన "వీడు లెక్క చేసినాడు" అనేవాడు. అంతకు మించిన మెప్పు ఆయన దగ్గర లేదు. జీవితమంతా పుస్తకాలు చదివిన నాకు, పేరా దాటేయకుండా చదవడం నేర్పింది ఆయనే.

నా భార్య చనిపోయిన ఏడాది నేనే ఒక కథ రాశాను. శనిగ్రహం చుట్టూ తిరిగే ఒక చందమామ మీద ఒంటరిగా ఉన్న మనిషి, భూమ్మీదున్న భార్యతో రేడియోలో మాట్లాడుతుంటాడు. అరవై పేజీలు. ఐదో పేజీలోనే పెచ్చు పడింది.

"అంత దూరం మాట పోవడానికే గంటంబావు సారూ. ఈయన 'తిన్నావా' అంటే ఆయమ్మ ఎంటనే 'తిన్నా' అంటాంది. ఎట్ల?"

"కథ మేస్త్రీ అది."

"ఇన్నాళ్లు మనం పెచ్చులు పెట్టినయి కథలు గావా?"

అడిగిన వెంటనే జవాబిచ్చే మనిషి ఇంట్లో లేకే ఆ పేజీ అలా రాసుకున్నానని ఆయనకు చెప్పలేదు. లేచి వచ్చేశాను. రెండేళ్లు ఆ ఊరు పోలేదు. ఊళ్లో అందరి తప్పులూ పట్టే నేను, నా తప్పు పట్టిన ఒక్కడితో మాట మానేశాను.

చివరకు తిరగరాశాను. ఇప్పుడు ఆ మనిషి "తిన్నావా" అని అడిగి, జవాబు కోసం రెండున్నర గంటలు ఎదురుచూస్తాడు. మేస్త్రి పోవడానికి ముందు వారం ఆ కాగితాలు బస్సు పార్సిల్లో పంపాను. స్వయంగా వెళ్లి ఇవ్వడానికి పౌరుషం అడ్డొచ్చింది.

శనివారం వెళ్లాను. సభాధ్యక్షుడు అంతకుముందే దండతో వచ్చి, ఫోటో దిగి వెళ్లాడట. బతికుండగా ఆయనకు ముందు వరసలో ఒక్క కుర్చీ వేయని మనిషి.

మేస్త్రి భార్య నా కాగితాలు తెచ్చి ఇచ్చింది. "ఆదివారం చర్చి నుంచి వచ్చి సదవను కూసున్నాడన్నా. ఒకచోట ఆపి గడియారం చూసినాడు. అన్నం తిందువు రాయ్యా అంటే, 'ఆయమ్మ జవాబు ఇంకా రాలే, ఉండు' అన్నాడు. రెండున్నర గంటలు కాగితం తిప్పలే. అన్నం చల్లారిపాయె."

"తర్వాత?"

"తర్వాత ఏంది, తిప్పి ఆయమ్మ జవాబు సదివినాడు. 'సారు లెక్క చేసినాడు' అన్నాడు."

షెడ్డు అరుగు మీద కూర్చుని కాగితాలు తిప్పాను. ఐదో పేజీలో ఏమీ లేదు. ముప్పై ఒకటో పేజీలో పెచ్చు ఉంది. పక్కన పెన్సిలుతో ఒక్క మాట: నీళ్లు?

నాకు ఒళ్లు మండింది. "ఆ చందమామ అంతా మంచుగడ్డే మేస్త్రీ! తవ్వుకుంటాడు!" అని పైకే అన్నాను. యంత్రాలు ఆగి ఉన్నాయి. దేంతో కరిగిస్తాడని ఆయన అడుగుతాడు. దానికీ నా దగ్గర జవాబుంది.

గడియారం చూశాను. పన్నెండున్నర. షెడ్డు ముందు నుంచి గిద్దలూరు బస్సు వెళ్లిపోయింది. పెచ్చును ఉన్నచోటే ఉంచి, కాగితాలు ఒళ్లో పెట్టుకుని, మూడయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.